తొంభై అడుగుల మాట

రోడ్డు దాటే కరెంటు తీగ నేల నుంచి ఎంత ఎత్తున ఉండాలో 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో రాశారు. ఇళ్ళకిచ్చే ఎల్‌టీ లైనైతే 5.8 మీటర్లు, 11 కేవీ లైనైతే 6.1. అడుగుల్లో చెప్పుకుంటే పందొమ్మిది, ఇరవై. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయే పెద్ద ప్రభ ఎనభై అడుగులుంటుంది, తొంభై ఉంటుంది, పంతం వస్తే ఇంకా పైకి పోతుంది. ఈ రెండు లెక్కల మధ్యే నా ఉద్యోగం గడిచింది. నకరికల్లులో హెల్పరుగా చేరి లైన్‌మన్‌గా దిగిపోయినవాణ్ణి. శివరాత్రి వస్తే నరసరావుపేట చుట్టుపక్కల సెక్షన్ల వాళ్ళందరికీ కొండ దారిలో డ్యూటీ పడేది. జనం నేల మీద నిలబడి తలెత్తి ప్రభను చూస్తారు. నేను స్తంభం ఎక్కి చూసేవాణ్ణి. అక్కడి నుంచి చూసినా తల ఎత్తాల్సిందే.

ప్రభ అంటే వెలుగు అని బళ్ళో తెలుగు పంతులుగారు చెప్పారు. ప్రభాకరుడు, ప్రభాతం అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. మాకు ఎక్కలేదు. పల్నాటి పిల్లకాయకి ప్రభంటే బండి మీద నిలబడే పొడుగాటి కట్టడం, ముందు డప్పులు, వెనక జనం. గుళ్ళో ఉత్సవ విగ్రహం వెనక ఇత్తడి చట్రం ఒకటి ఉంటుంది చూడండి, మంటల అంచుతో, పైన వంపు తిరిగి. అది ప్రభావళి. దేవుడి ఒంటి నుంచి వచ్చే వెలుగుని కంసాలి లోహంలో పోతపోశాడు. దాన్నే రైతు వెదురుతో, గుడ్డతో, వంద రెట్లు పెంచి బండెక్కించాడు. ప్రభ అడుగున దేవుడి పటమో బొమ్మో ఉంటుంది. కొత్తవాళ్ళకు అది కనపడదు, కళ్ళు పైకి పోతాయి గనక.

అక్కడితో ఈ మాట ఆగలేదు. వ్యాపారం కలిసొచ్చినవాడికి ‘ప్రభ వెలుగుతోంది’ అంటారు, ఓడిపోయిన నాయకుడికి ‘ప్రభ తగ్గింది’ అంటారు. పెళ్ళికి ముందు వీరభద్రుడి సంబరం చేసే ఇళ్ళవాళ్ళకు ప్రభ అంటే వీధి వెంట డప్పుల మధ్య నడిచొచ్చే స్వామి, ఎదురుగా ఖడ్గాలనే స్తుతులు చదివే మనిషి. 1938లో రామనాథ్ గోయెంకా మద్రాసులో తెలుగు దినపత్రిక పెడితే దానికీ ‘ఆంధ్రప్రభ’ అనే పేరు పెట్టారు. ఆ పేరు వినగానే మా వీధి పెద్దాయన ఒకరు “అది ఏ ఊరిదిరా, ఎన్నడుగులు?” అన్నారని మా నాయన చెప్పి నవ్వేవాడు. నేను మాత్రం ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదంటాను. మా వైపు ప్రభకు ఊరు ఉండి తీరాలి. ఫలానా ఊరి ప్రభ అనే అంటారు గాని, ఫలానా దేవుడి ప్రభ అనరు. కావూరు ప్రభ, పురుషోత్తమపట్నం ప్రభ, మద్దిరాల ప్రభ. దేవుడు అందరికీ ఒక్కడే, ఎత్తు ఎవరిది వారిది.

ఆ ఒక్క దేవుడు కొండ మీద ఉన్నాడు. కొండకు మూడు శిఖరాలు, ఎటు నుంచి చూసినా మూడూ కనపడతాయంటారు. అందుకే త్రికూటం, స్వామి త్రికోటేశ్వరుడు. పాత పేరు చెప్పేవాళ్ళు ఎల్లమంద కోటయ్య అంటారు, కొండ కింది ఎల్లమంద పేరు మీద. రుద్ర శిఖరం మీద పాత కోటయ్య, బ్రహ్మ శిఖరం మీద ఇప్పుడు మనం మొక్కే కొత్త కోటయ్య. దేవుడు ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి ఎందుకు దిగాడన్నదే ఇక్కడి కథంతా. ఆనందవల్లి అనే గొల్లపిల్ల రోజూ కొండెక్కి పైనున్న స్వామికి పాలు పోసి వచ్చేది. కడుపుతో ఉండి ఎక్కలేకపోయింది. నువ్వే కిందికి రా అంది. వస్తాను, నువ్వు ముందు నడువు, వెనక్కి తిరిగి చూడకు అన్నాడాయన. నడుస్తుంటే వెనక కొండలు పగిలే చప్పుడు. భయపడి తిరిగి చూసింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇప్పటికీ ముందు గొల్లభామను చూసుకుని గాని పైకి పోరు. మనుషులు దేవుడికి భయపడ్డ కథలు చాలా ఉన్నాయి. ఒక ఆడమనిషి కష్టం చూసి దేవుడు సగం కొండ దిగిన కథ నాకు తెలిసి ఇదొక్కటే.

మిగతా సగం ఎలా దింపాలి? దానికీ మావాళ్ళ దగ్గర లెక్క ఉంది. కోటిన్నొక్క ప్రభ కడితే కోటయ్య కొండ దిగి వస్తాడట. ఎవరు లెక్క పెడుతున్నారో తెలియదు గాని ప్రతి ఏడూ కడుతూనే ఉన్నారు. కొండెక్కేటప్పుడు వేసే కేక కూడా వినదగ్గది. ‘చేదుకో కోటయ్యా’ అంటారు. చేదటమంటే తాడేసి బావిలోంచి తోడటం. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు పల్నాడులో నీటి చుక్క కోసం ఎంత లోతుకు తాడు వదలాలో తెలిసిన జనం పెట్టుకున్న మొర అది. మేం అడుగున ఉన్నాం, నువ్వు ఒడ్డున ఉన్నావు, లాగు అని.

మా పెదనాన్న ప్రభ కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన చదువుకోలేదు. వెదురు బొంగు చేత్తో ఎత్తి, ఒకసారి ఊపి, ఇది ఎక్కడికి పనికొస్తుందో చెప్పేవాడు. మాఘమాసం మొదలవగానే చెట్టు కింద బండి విప్పి, ఇరుసు చూసుకుని, దాని మీద పీఠం బిగించేవాళ్ళు. పీఠానికి రెండు నిట్రాటలు. వాటి మీద సరుగుడు బాదులు, అడ్డంగా వెదురు. పైకి పోయేకొద్దీ సన్నం చేసుకుంటూ పోయి తల దగ్గర విల్లులా వంచాలి. పచ్చి వెదురైతేనే వంగుతుంది, ఎండింది పటుక్కుమంటుంది. మేకు ముట్టుకోనిచ్చేవాడు కాదు. “మేకు కొట్టావంటే గాలికి ఊగినప్పుడు కర్ర చీలుద్దిరా అబ్బాయ్. తాడైతే దాంతోపాటే ఊగుద్ది” అనేవాడు. సాయంత్రం వేసిన ముడిని పొద్దున్నే మళ్ళీ బిగించాలి, ఎవరు వేశారో వాళ్ళే బిగించాలి. ఇంకొకడి ముడి మీద చెయ్యేస్తే తగాదా. ఆపైన తడికలు, వాటి మీద ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ, రంగు కాగితాలు, జిగినీ, చిన్న చిన్న అద్దాలు. అద్దాలెందుకు పెదనాన్నా అంటే, ఎండ పడ్డప్పుడు మూడూళ్ళ అవతలికి తళుక్కుమనాలి అన్నాడు. వెలుగు అనే అర్థం తెలుగు పంతులుగారి దగ్గర ఎక్కనిది నాకు అక్కడ ఎక్కింది.

పడుకోబెట్టి కట్టిన ప్రభను నిలబెట్టడం అసలు పరీక్ష. నాలుగు వైపులా మోకులు. ఒక్కో మోకుకీ పదిమందికి తక్కువ ఉండరు. పీఠం మీద ఒక్కడు నిలబడి కేకలేస్తాడు, మిగతా ఊరంతా ఆ గొంతు వినాలి. ఎదురు మోకు బిగించు, వెనక మోకు వదులు, ఆపు. పెత్తందారు అక్కడే ఉన్నా నోరెత్తకూడదు. పొలానికి నీళ్ళు మలిపే దగ్గర గొడవపడ్డ రెండు ఇళ్ళవాళ్ళు ఒకే మోకు పట్టుకోవడం నేను చూశాను. మాట్లాడుకోలేదు, అది వేరే సంగతి. దారిలో బండి నడుస్తుంటే ఈ మోకులవాళ్ళు చేలల్లోకి దిగి పక్కనే నడవాలి. గాలి వాటం మారితే వీళ్ళ అరచేతులే ముందు చెబుతాయి. తిరునాళ్ళ నుంచి వచ్చాక వారం రోజులు అన్నం కలుపుకోలేని చేతులవి.

ఎత్తు ఎప్పుడు పెరిగిందని అడిగితే నా సమాధానం ఒక్కటే: నీళ్ళు వచ్చాక. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మా నకరికల్లు మీదుగానే పోతుంది. జొన్న, సజ్జ పండిన నేల వరి నాటింది, ఆ వెనకే మిరప, పత్తి విరగకాశాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే జనం చేసిన పనుల్లో డాబా ఇల్లు ఒకటి, ప్రభ ఎత్తు పెంచడం ఇంకొకటి. పక్క ఊరు డెబ్బై కడితే మనం డెబ్బై అయిదు. ముందు వరసలో మొక్కుబడి ప్రభలుండేవి: పిల్లాడికి జబ్బు నయమైతే ఒకటి, ఎద్దు బతికితే ఒకటి, భుజాన పెట్టుకుని మోసుకుపోయేంత చిన్నవి. అవి ఇప్పటికీ వస్తాయి. వాటిని ఎవరూ ఫొటో తియ్యరు.

ఇంత ఎత్తు లేని రోజుల్లో కూడా ఈ పంతం తెల్లదొరలకు నచ్చలేదు. వేలమంది ఒక్కచోట చేరి, ఒక్క గొంతు మాట విని కదలడమంటే ఏలేవాడికి గుబులే. 1909 ఫిబ్రవరి 18, శివరాత్రి. ఆ రోజు కోటప్పకొండ తిరునాళ్ళలో జనానికీ పోలీసులకూ దొమ్మీ జరిగింది. తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. గాదె చిన్నపరెడ్డి మీద కేసు పెట్టి ఉరి తీశారు. ప్రభబండి ఎద్దు బెదిరి జనం మీదికి పోతే పోలీసు దాన్ని కాల్చాడని, అది చూసి చిన్నపరెడ్డి తిరగబడ్డాడని మా వైపు కథగా చెప్పుకుంటారు, పాటలు కట్టి పాడుకున్నారు. పదమూడేళ్ళ తర్వాత, 1922 ఫిబ్రవరిలో, అదీ శివరాత్రి రోజుల్లోనే, పుల్లరి అనే మేతపన్ను కట్టమన్నందుకు ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు మించాలపాడులో తూటాలకు బలయ్యాడు. పల్నాటివాడికి శివరాత్రి అంటే జాగారం, ప్రభ, వాటి వెనకే ఈ ఇద్దరి పేర్లు. నా చిన్నప్పుడు ప్రభల మీద వీళ్ళ బొమ్మలు ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు సినిమా హీరోలవీ పార్టీ నాయకులవీ నిలువెత్తు ఫ్లెక్సీలు కడుతున్నారు. కట్టేవాళ్ళు కడుతున్నారు సరే, చిన్నపరెడ్డి ఏం పాపం చేశాడు?

పెట్రోమాక్స్ లైట్లు పోయి బల్బులు వచ్చినప్పుడు నా లోకం మొదలైంది. విద్యుత్ ప్రభ అన్నారు దాన్ని. ముందు భాగమంతా రంగు బల్బులు, సీరియల్ సెట్లు, శివుడి జటలోంచి గంగ దూకుతున్నట్టు వెలుగు పైనుంచి కిందికి పరుగెత్తడం, పాము పడగ విప్పి ముడవడం. వెనక జెనరేటరు. ఒకరకంగా మాట తన పుట్టింటికి వచ్చినట్టే, ప్రభ అంటే వెలుగు కదా. కానీ ఆ వెలుగు మా తీగల కింద నుంచి పోవాలి. తొంభై అడుగులు ఇరవై అడుగుల కింద దూరదు గనక తీగలే పక్కకు తప్పుకోవాలి.

పని ఇలా ఉంటుంది. ప్రభ ఫర్లాంగు దూరంలో ఉండగానే సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైను ఆపామని వాళ్ళ మాట, నంబరుతో సహా. తర్వాత ఏబీ స్విచ్ దించాలి. దించినా నమ్మకూడదు. ఎర్తింగ్ రాడ్డు తగిలించాలి, ఎవడి జెనరేటరు ఎటు నుంచి వెనక్కి కొడుతుందో చెప్పలేం. అప్పుడు స్తంభం ఎక్కి, పింగాణీ ఇన్సులేటరు దగ్గర బైండింగు తీగ విప్పి, లైనుని నేల మీదికి వదలాలి. చక్రాల కింద తీగ నలక్కుండా గోనె సంచులు పరచాలి. బండి దాటాక మళ్ళీ లాగి, బిగించి, బైండింగు చుట్టి, రాడ్డు తీసి, స్విచ్ ఎత్తి, ఎల్‌సీ వాపసు ఇవ్వాలి. ఆ లోపల వెనక ఇంకో ప్రభ. ఇదంతా అర్ధరాత్రి, మైకుల హోరులో, కింద వేలమంది ఉండగా.

ఒకసారి ఎల్‌సీ రావడం ఆలస్యమైంది. పీఠం మీదున్న పెద్దమనిషి అరిచాడు: “తమ్ముడూ, తీగలు దించవేం?”

“ఎల్‌సీ రాలేదన్నా. ఆపు బండిని.”

“ఆపితే ఎడ్లు ఆగుతాయి. మోకులోళ్ళ చేతులు ఎంతసేపు ఆగుతాయో నువ్వే చెప్పు.”

గాలి లేచింది. మోకులు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలారు. పైన బల్బుల వరసలు ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ నిటారుగా వచ్చాయి. వెదురు చేసే చప్పుడు నాకు పైదాకా వినపడింది, కిర్రుమని, లోపలి నుంచి. సబ్‌స్టేషన్ నుంచి నంబరు చెప్పేదాకా నేనూ తీగ ముట్టుకోలేదు, ఆయనా బండి కదిలించలేదు. దాటాక ఆయన నాకు బెల్లప్పొంగలి పంపించాడు. ప్రభకు తీగ తగిలి మనుషులు పోయిన తిరునాళ్ళు కూడా ఉన్నాయి. అందుకే చెబుతున్నా, ఆ నాలుగు నిమిషాలు ఆగినవాడే నా లెక్కలో ప్రభ నడిపించడం తెలిసినవాడు. ఇంకో సంగతి. ప్రభ వెలుగుతూ వస్తుంటే దారిలో ఊళ్ళన్నీ చీకట్లో ఉంటాయి. జెనరేటరు దానిది, కోత ఊరిది. ఇది మీకు చూసే చోట నుంచి తెలియదు, చీకట్లో కూర్చున్న ముసలమ్మలు తిట్టేది మమ్మల్ని.

గోదావరి వైపువాళ్ళు ప్రభలంటే కోనసీమవే అంటారు. వాళ్ళది కనుమ రోజు. జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రులు కలుస్తారని పదకొండు ఊళ్ళ ప్రభలు వస్తాయి. బండి ఉండదు, భుజాల మీద మోసుకుంటూ వరిచేలల్లోంచి నడుస్తారు, కౌశిక కాలువలో దిగి పీకల్లోతు నీళ్ళలో దాటిస్తారు. చేను తొక్కినా రైతు ఏమీ అనడు. 2023 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్య పథ్ మీద మన రాష్ట్రం శకటం ఆ ప్రభల తీర్థమే. టీవీలో చూసి సంతోషించాను, కొంచెం కుళ్ళుకున్నాను కూడా. మాది పంపితే దారి పొడుగునా తీగలు విప్పడానికి మావాళ్ళనీ పంపాల్సి వచ్చేది.

ఎత్తు సంగతి వదిలేసి ఆకారం దగ్గరికి వస్తే, ప్రభ ఎంత పాతదో చూడాలంటే మా మండలంలోనే ఉన్న చేజర్లకు రండి. కపోతేశ్వరుడి గుడి. పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చింది ఇక్కడేనని స్థలపురాణం. గర్భగుడి వెనకవైపు చతురస్రంగా ఉండదు, గుండ్రంగా తిరిగి ఉంటుంది. శిల్పులు గజపృష్ఠం అంటారు, ఏనుగు వీపని. ఇది మొదట బౌద్ధుల చైత్యమని, ఆనందగోత్రిక రాజులు ఈ ప్రాంతాన్ని ఏలే నాటికే ఉందని చరిత్రకారుల మాట. మీరు మాత్రం ఇటుకల కప్పు ముందు భాగాన్ని చూడండి. గుర్రపు లాడంలా ఒక వంపు ఉంటుంది. ఏలూరు వైపు గుంటుపల్లి గుహలోనూ అదే, లోపలి కప్పుకు రాతి వాసాలు కూడా చెక్కారు. రాతికి వాసాలతో పనేముంది? పనేమీ లేదు. రాయి పట్టకముందు ఆ చేతులు కలప, వెదురు వంచి కప్పులు వేసిన చేతులు, ఆ వంపుని మర్చిపోలేక రాతిలోనూ చెక్కాయి. పచ్చి వెదురు వంచి మా పెదనాన్న ప్రభకు కట్టిన తల కూడా ఆ వంపే. పురావస్తు శాఖవారు ఇటుకలకు కంచె వేశారు, మంచిదే. వెదురుకు కంచె వేసేవాళ్ళు లేరు.

ఇప్పటి ప్రభలకు వెదురు ఎక్కడుంది? ఇనప చట్రాలు, నట్లు, బోల్టులు, కింద లారీ చాసిస్, నిలబెట్టడానికి క్రేను. ఎడ్ల చోట ట్రాక్టర్లు. ప్రభ అడుగున స్టేజి, స్టేజి మీద డ్యాన్సులు, దేవుడి పటం డీజే బాక్సుల వెనక. ఇది నేను సరదాకి అనే మాట కాదు. ఇనుము ఊగదు. ఊగనిది ఒరిగితే ఆపడానికి మోకులు చాలవు, మోకులు పట్టేవాళ్ళూ లేరు. ఊరంతా కలిసి ఒకడి గొంతు వినాల్సిన పని క్రేను ఆపరేటరుకు అద్దె ఇస్తే అయిపోతోంది. చందా వేసి ఇంట్లో కూర్చోవచ్చు. ఎత్తు వంద దాటొచ్చు గాని, అందులో మనిషి చెయ్యి పడ్డది ఎంత? నా ఓటు వెదురు ప్రభకే. అరవై అడుగులైనా చాలు.

2022 ఏప్రిల్ 4 నుంచి మాది పల్నాడు జిల్లా, నరసరావుపేట జిల్లా కేంద్రం. కలెక్టరు ఆఫీసూ కొండా ఇప్పుడు ఒకే చూపులో ఉన్నాయి. తిరునాళ్ళ ఏర్పాట్ల మీటింగుల్లో బస్సులు, క్యూలైన్లు, ప్రసాదాలు అన్నీ వస్తాయి. ప్రభ కట్టే పనివాళ్ళ సంగతి మాత్రం ఎవరి కాగితంలోనూ కనపడదు. కలెక్టరాఫీసుదాకా ఎందుకు, మనమే చేసుకోదగ్గ పని ఇది. మీ ఊళ్ళో మేకు లేకుండా ప్రభ కట్టిన పెద్దలు ఇంకా ఉంటే ఈ మాఘమాసంలో పోయి వాళ్ళ పక్కన కూర్చోండి. ఏ ముడి ఎక్కడ వేస్తారో, దాన్ని ఏమంటారో రాసుకోండి, చేతులు కనపడేటట్టు ఫోనులో తీయండి. కుర్రాళ్ళ చేత ఒక చిన్న ప్రభైనా తాడుతో కట్టించండి. పెద్దది కట్టి కొండకు తీసుకుపోయేట్టయితే ఏ దారిన, ఏ వేళకు వస్తున్నారో మీ లైన్‌మన్‌కు రెండు రోజుల ముందే చెప్పండి. పర్మిషన్ ఇవ్వరేమోనని ఎత్తు మాత్రం తగ్గించి చెప్పొద్దు.